సెవెన్ టూంబ్స్‌కి వెళ్తున్నారా? గోల్కొండ ఎక్కి దిగాక మాత్రం వద్దు

హైదరాబాద్ చూడ్డానికి వచ్చిన చుట్టాలతో మనందరం చేసే పని ఒకటే కదా, పొద్దున్నే గోల్కొండ ఎక్కడం, మూడు గంటలు అక్కడ తిరగడం, కిందికి దిగాక "పక్కనే ఏవో సమాధులున్నాయంట, అవి కూడా ఓసారి చూసేద్దాం" అని సాయంత్రం అయిదింటికి కుతుబ్‌షాహీ సమాధుల, అదే సెవెన్ టూంబ్స్ గేటు దగ్గర ఆటో దిగడం. నేనూ మా గుంటూరు బాబాయిని మొదటిసారి అలాగే తీసుకెళ్ళాను. కోట మెట్లెక్కి దిగేసరికే ఆయన మోకాళ్ళు పట్టేశాయి, లోపలికి వెళ్ళి ఒక్క గుమ్మటం కింద కూర్చుని "ఇంకో రోజు చూద్దాంలేవే అమ్మాయ్, ఎటూ ఉండేవేగా" అన్నారు. ఆ ఇంకో రోజు రావడానికి నాలుగేళ్ళు పట్టింది. రెండోసారి వచ్చినప్పుడు మాత్రం పొద్దున్నే నేరుగా ఇక్కడికే తీసుకొచ్చాను, మూడున్నర గంటలు తిరిగారు, ఒక్కసారి కూడా మోకాళ్ళ మాట ఎత్తలేదు. అందుకే ముందుగా చెప్పేది ఇదే, దీన్ని గోల్కొండకి తోకలా పెట్టుకోకండి, దీనికో పూట విడిగా ఇవ్వండి. రెండూ ఒకే రోజు చూడాల్సి వస్తే పొద్దున సమాధులు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం కోట. కోటలో ఎలాగూ సాయంత్రం గాలి బాగుంటుంది.

ఎక్కడుందంటే గోల్కొండ కోటకి ఉత్తరాన, బంజారా దర్వాజా అవతల, ఒకటిన్నర కిలోమీటరు దూరంలో ఇబ్రహీంబాగ్‌లో. మెహదీపట్నం నుంచి వచ్చేవాళ్ళు టోలీచౌకి దాకా వచ్చి సెవెన్ టూంబ్స్ రోడ్డు పట్టుకోవాలి, ఆ రోడ్డు పేరు చెప్తే ఏ ఆటో అతనికైనా తెలుస్తుంది, మెట్రోలో వచ్చేవాళ్ళు రాయదుర్గంలో దిగి క్యాబో ఆటోనో మాట్లాడుకోవాలి. శుక్రవారం మాత్రం పెట్టుకోవద్దు, సమాధులకి సెలవు రోజు అది. ఇంకోటి, కోట టికెట్ ఇక్కడ చెల్లదు, ఇక్కడి టికెట్ అక్కడ చెల్లదు, ఎందుకంటే కోట కేంద్రం చేతిలో ఉన్న పురావస్తు శాఖది, సమాధులు రాష్ట్ర వారసత్వ శాఖవి. గేటు దగ్గర దీని మీద గొడవపడే ఫ్యామిలీని ప్రతిసారీ చూస్తుంటాను. పెద్ద కెమెరా, ట్రైపాడ్ తెచ్చుకునేవాళ్ళు, పెళ్ళి ఫొటోలు తీయించుకునేవాళ్ళు టికెట్ కౌంటర్ దగ్గరే ముందు అడిగేయండి, లోపలికి వెళ్ళాక సెక్యూరిటీ వాళ్ళు ఆపితే ఆ పూటంతా చెడిపోతుంది.

ఏ నెల అంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. వానాకాలం కూడా బాగానే ఉంటుంది, గడ్డి పచ్చగా ఉంటుంది, జనం తక్కువ, కానీ నల్లరాయి మెట్లు తడిసాయంటే జారతాయి, పెద్దవాళ్ళ చేయి వదలకండి. ఎండాకాలంలో అయితే గేటు తీయగానే వెళ్ళి ఎండ ముదిరేలోపు బయటపడిపోవాలి, ఇక్కడ సమాధుల అరుగులన్నీ గ్రానైట్, చెప్పులు విప్పి నడిచే చోట పాదాలు కాలిపోతాయి, ఒక జత సాక్సులు బ్యాగులో పడేసుకోండి, ఈ చిన్న పని చాలామందికి తోచదు. నీళ్ళు, టోపీ, పిల్లలకి బిస్కెట్లు చాలు. పులిహోర డబ్బాలు, పేపర్ ప్లేట్లు తెచ్చుకుని పిక్నిక్ పెట్టకండి, పచ్చికా చెట్లూ చూడగానే అలా అనిపిస్తుంది నిజమే, కానీ ఇది శ్మశానం, గోల్కొండని ఏలిన కుతుబ్‌షాహీ కుటుంబం వాళ్ళ శ్మశానం.

ఇలా కుటుంబం శ్మశానం అనుకుని చూస్తేనే ఈ చోటు అర్థమవుతుంది అంటాను నేను. నూట ఆరు ఎకరాల్లో మసీదులు, బావులు, సమాధులు, స్నానాల గది అన్నీ కలిపి డెబ్భైకి పైగా కట్టడాలున్నాయి, ఏదో ఒక వైపు నుంచి మొదలుపెట్టి వరసగా చూసుకుంటూ పోతే నాలుగోదాని దగ్గరికి వచ్చేసరికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి, "అన్నీ గుమ్మటాలేగా" అని వెనక్కి తిరిగేస్తారు. అలా కాకుండా తాత, కొడుకు, మనవడు అన్న వరసలో చూడండి. కాస్త అటూ ఇటూ నడవాల్సి వస్తుంది, ఫర్వాలేదు, నడక మధ్యలో తోట ఉంది కదా.

మొదట సుల్తాన్ కులీ దగ్గరికి వెళ్ళండి. ఇరాన్‌లోని హమదాన్ నుంచి వచ్చి బహమనీల కొలువులో చేరి పైకొచ్చిన మనిషి, 1518 నుంచి లెక్కేస్తారు ఈ వంశాన్ని. తన సమాధి తనే బతికుండగా కట్టించుకున్నాడు, తర్వాత వాళ్ళు కూడా అదే పద్ధతి పట్టుకున్నారు. చిన్నగా, మొదటి ప్రయత్నం అన్నట్టుగా ఉంటుంది. 1543లో నమాజ్ చేస్తుండగా చంపించారు ఆయన్ని, చంపించింది సొంత కొడుకు జంషీద్ అని చెప్తారు. ఆ జంషీద్ సమాధి కూడా దగ్గర్లోనే ఉంది, ఎనిమిది పలకలుగా రెండంతస్తుల్లో ఉంటుంది, మిగతా వాటికి దీనికి పోలికే ఉండదు కాబట్టి దూరం నుంచే గుర్తుపట్టేయొచ్చు. లోపలికి వెళ్ళి చూడండి, మిగతా సుల్తానుల సమాధి రాళ్ళ మీద వరసలు వరసలుగా అక్షరాలుంటాయి, దీని మీద ఏమీ ఉండదు. తండ్రిని చంపించాడనే రాయలేదా, ఇంకేదైనా కారణమా అని నేను ప్రతిసారీ అక్కడ నిలబడి ఆలోచిస్తాను.

తర్వాత ఇబ్రహీం. తెలుగువాళ్ళం ఇక్కడ కాసేపు ఎక్కువ నిలబడాలి. అన్న జంషీద్‌కి భయపడి పారిపోయి విజయనగరంలో అళియ రామరాయల దగ్గర ఏడేళ్ళు తలదాచుకున్నాడు, అక్కడే తెలుగు ఒంటబట్టింది, 1550లో సుల్తాన్ అయ్యాక తెలుగు కవుల్ని పిలిచి ఆదరించాడు, అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానం ఈయనకే అంకితమిచ్చాడు, కందుకూరి రుద్రకవికి అగ్రహారం ఇచ్చాడంటారు, మన కవులు ఆ ఇబ్రహీం అనే పేరుని మల్కిభరాముడు చేసేసుకున్నారు! మల్కిభరాముడు అన్న మాట పైకి అనుకుంటూ ఆ గుమ్మం దాటి చూడండి, రాయి కాస్తా మనవాళ్ళది అయిపోతుంది. అదే మనిషి 1565లో తల్లికోట యుద్ధంలో తనకి నీడనిచ్చిన రామరాయల మీదికే వెళ్ళాడు, అదీ గుర్తుపెట్టుకోవాలి, రెండూ ఒకే మనిషి చేసినవే. హుస్సేన్‌సాగర్ తవ్వించింది, మూసీ మీద పురానాపూల్ కట్టించింది కూడా ఈయన కాలంలోనే.

ఇబ్రహీం సమాధి బయట గోడ మీద ఒక పని చేయండి. దక్షిణం వైపు గోడ దగ్గర నిలబడి ఓపిగ్గా కళ్ళు పెట్టి వెతకండి, అక్కడక్కడా రంగు పెంకు ముక్కలు మిగిలి కనిపిస్తాయి, బొటనవేలంత, అరచేయంత. ఎండ పడినప్పుడు తడిసినట్టు మెరుస్తాయి. ఒకప్పుడు ఈ గుమ్మటాలకీ గోడలకీ నీలం, ఆకుపచ్చ మెరుగు పెంకులు అతికించి ఉండేవి, అవి దాదాపు అన్నీ రాలిపోయాయి. ఆ ఒక్క ముక్కని చూసి కళ్ళు మూసుకుని మొత్తం గుమ్మటం ఆ రంగులో ఉన్నట్టు ఊహించుకోండి, అప్పుడు తెలుస్తుంది దూరం నుంచి గుర్రం మీద వచ్చేవాడికి ఈ చోటు ఎలా కనిపించి ఉంటుందో. గోరుతో మాత్రం గీకకండి, ఒకసారి ఒక కుర్రాడు తాళంచెవితో పెకిలించబోతుంటే నేను అరిచేశాను, అక్కడున్న అందరూ తిరిగి చూశారు.

ఇబ్రహీం కొడుకు మహమ్మద్ కులీ, 1591లో హైదరాబాద్ ఊరికి పునాది వేసి చార్మినార్ కట్టించినాయన, ఆయన సమాధి అన్నిటికంటే పెద్దది. 1602 నాటిది, ఎత్తు నలభై రెండు మీటర్లకి పైనే. ఫొటోల్లో మీరు చూసే ఉంటారు, వెడల్పాటి అరుగు మీద ఇంకో అరుగు, దాని మీద పొడుగాటి రాతి స్తంభాలు. ఇక్కడ చాలామంది చేసే తప్పు ఏంటంటే మెట్లెక్కి, లోపల సమాధి రాయి చూసి, ఫొటో తీసుకుని దిగిపోతారు. ఆ రాయి కింద మనిషి లేడండి, అది గుర్తుకోసం పెట్టింది, అసలు సమాధి కింద నేలమాళిగలో ఉంది. పైన ఆ నల్లరాతి సమాధి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చూడండి, నిలబడి చూస్తే ఏం తెలీదు. నున్నగా నూనె రాసినట్టుండే బసాల్ట్ రాయి, మెట్లు మెట్లుగా పైకి తగ్గుతూ పోతుంది, ప్రతి మెట్టు మీద అక్షరాలు చెక్కి ఉంటాయి, అవి గుంటలు తీసి చెక్కినవి కావు, చుట్టూ రాయి తొలిచేసి అక్షరాల్ని ఉబ్బెత్తుగా వదిలేశారు. పక్కనుంచి వెలుతురు పడితే ప్రతి అక్షరానికీ సన్నని నీడ ఉంటుంది. చదవడం రాకపోయినా ఫర్వాలేదు, ఒక్క అక్షరం కూడా తడబడకుండా అంత గట్టి రాయిలో ఆ వంపులు ఎలా తెచ్చాడో ఆ మనిషి అని చూస్తూ ఉండిపోవచ్చు.

పిల్లలుంటే గుమ్మటం కింద గట్టిగా కేకలేస్తారు, ప్రతిధ్వని వస్తుంది కదా. కేకలొద్దని చెప్పండి, దానికంటే మంచి ఆట ఉంది, మధ్యలో నిలబడి నోరు మూసుకుని మెల్లగా హమ్ చేయమనండి. ఆ శబ్దం పైకెళ్ళి తిరిగి మన తల మీదికి దిగుతున్నట్టు ఉంటుంది, మా అక్క కూతురు ఆరేళ్ళది అలా చేసి "పిన్నీ, పైన ఎవరో పాడుతున్నారు" అంది.

ఆ తర్వాత మహమ్మద్ కుతుబ్‌షా, మక్కా మసీదుకి పునాది వేసినాయన, ఆయన్ది త్వరగా చూసేయొచ్చు. కానీ ఆయన భార్య హయాత్ బక్షీ బేగం దగ్గర తొందరపడొద్దు. ఊరు కట్టిన మహమ్మద్ కులీకి కూతురు, తర్వాతి సుల్తాన్‌కి భార్య, ఆ తర్వాతి సుల్తాన్ అబ్దుల్లాకి తల్లి, ముగ్గురి పాలనా దగ్గరుండి చూసింది, కొడుకు చిన్నవాడుగా ఉన్నప్పుడు రాజ్యం ఆమె చేతి మీదుగా నడిచింది. విజయవాడ రోడ్డులో హయత్‌నగర్ ఉంది కదా, ఆ పేరు ఈమెదే, బస్సులో ఎన్నిసార్లు ఆ ఊరి మీదుగా పోయామో కానీ ఆ పేరు ఎవరిదో తెలిసింది నాకు ఇక్కడికొచ్చాకే. 1667లో పోయింది. ఆడవాళ్ళ సమాధుల్లో ఇంత పెద్దది ఇక్కడ ఇంకోటి లేదనిపిస్తుంది చూస్తే, దాని పక్కనే పెద్ద మసీదు, ఇక్కడున్న మసీదులన్నిటిలో అందమైనది అదే అని నా అభిప్రాయం, గోడల మీద గచ్చు పని దగ్గరగా చూడండి, వేలితో వెన్నలో గీసినట్టు ఉంటాయి ఆకులూ పూలూ. చెప్పులు బయట విప్పి, తల మీద చున్నీయో కండువాయో వేసుకుని వెళ్తే బాగుంటుంది.

అబ్దుల్లా కాలం నాటివే ఆస్థానంలో పాడిన, ఆడిన ప్రేమామతి, తారామతిల సమాధులు. చిన్నవి, వాటికోసం అడిగి వెళ్ళాలి. హకీముల సమాధులు కూడా ఉన్నాయి, అంటే సుల్తాన్‌కి వైద్యం చేసినవాళ్ళవి. రాజుల పక్కన వైద్యుడికీ, ఆటపాటల ఆడపిల్లకీ చోటిచ్చారు చూడండి, నాకు ఇదంతా తిరిగాక గుండెల్లో మిగిలేది అదే.

ఇక అందరూ అడిగే ప్రశ్న, "తానీషా సమాధి ఏది?" రామదాసుని ఖైదు చేయించిన తానీషా, అందరికీ ముందు గుర్తొచ్చేది ఆయనే. ఆయన ఇక్కడ లేడు. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించి గోల్కొండ తీసుకున్నాక ఈ అబుల్ హసన్ తానీషాని దౌలతాబాద్ కోటలో బంధించారు, అక్కడే పోయాడు, ఖుల్దాబాద్‌లో పూడ్చారు. వంశం మొత్తం ఇక్కడ, ఆఖరివాడు ఒక్కడూ ఎక్కడో. గుమ్మటం పూర్తికాని కట్టడం ఒకటి ఉంటుంది ఇక్కడ, అబ్దుల్లా అల్లుడు మీర్జా నిజాముద్దీన్ అహ్మద్‌ది, దాన్ని చూసినప్పుడు ఆ పని ఆగిపోయిన రోజులు కళ్ళముందుకొస్తాయి. ఎవరైనా వచ్చి "ఇక్కడి నుంచి చార్మినార్‌కి సొరంగం ఉంది" అని కథ మొదలుపెడితే వినండి, సరదాగానే ఉంటుంది, చూపించమంటే మాత్రం ఎవరూ చూపించరు.

సమాధుల మధ్యలో స్నానాల గది ఒకటుంది, హమామ్ అంటారు, దీన్ని వదలకండి. చనిపోయినవాళ్ళని సమాధి చేసేముందు ఇక్కడికి తెచ్చి స్నానం చేయించేవాళ్ళు, మధ్యలో రాతి అరుగు, పక్కన వేడినీళ్ళకి, చన్నీళ్ళకి తొట్లు. మా బాబాయి ఆ అరుగు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి "మన ఇళ్ళల్లోనూ ఇదేగా చేసేది" అని ఇంకేం మాట్లాడలేదు.

ఇప్పుడు తోట, బావుల సంగతి. తాజ్‌మహల్‌లా ఒకే తోట, మధ్యలో ఒకే సమాధి అన్న లెక్క ఇక్కడ లేదు. ఎక్కడికక్కడ గుమ్మటాలు, వాటి మధ్య చెట్లు, బాటలు. వేపలు, చింతలు, మామిళ్ళు, పొద్దున పూట రామచిలుకల గోల. ఈ పచ్చదనానికంతటికీ మూలం మెట్ల బావులు, ఇక్కడి వాళ్ళు బౌలీ అంటారు, అన్నిటికంటే పెద్దది బడీ బౌలీ. 2013 వానల్లో దాని పడమటి గోడ కూలిపోయింది. ఆ రాళ్ళన్నీ పైకి తీసి, పూడిక తోడి, మళ్ళీ కట్టారు, ఇప్పుడు వాననీళ్ళు దాంట్లో చేరుతున్నాయి, ఆ నీళ్ళు తోటకే వాడుతున్నారు, 2022లో గోల్కొండ మెట్ల బావుల పనికి యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు కూడా వచ్చింది. వానాకాలం అయిపోయిన వెంటనే, అంటే అక్టోబర్ చివర్లో వెళ్ళి చూడండి, నీళ్ళల్లో వంపు గోడల నీడ కదులుతూ ఉంటుంది, ఎండాకాలం మధ్యాహ్నం కూడా ఆ మెట్ల పైన నిలబడితే చల్లగాలి తగులుతుంది. పిల్లల్ని అంచుకి పోనివ్వకండి, లోతు ఎక్కువ.

చాలామంది అక్కడ నిలబడి అంటుంటారు, "పాతవి అన్నారు, కొత్తగా సున్నం కొట్టినట్టున్నాయేంటి, నల్లగా ఉన్నప్పుడే బాగుండేవి" అని. ఇది ఒక్కటి కాస్త వివరంగా చెప్తాను. 2013 నుంచి ఆగా ఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్, రాష్ట్ర వారసత్వ శాఖ కలిసి ఇక్కడ పని చేశాయి, 2024 జులైలో అయిపోయిందని అప్పగించారు. ఇరవయ్యో శతాబ్దంలో మంచి ఉద్దేశంతోనే రిపేర్లు చేస్తూ పాత గచ్చు రాలిన చోటల్లా సిమెంట్ పూశారు. సిమెంట్ గట్టిది కానీ లోపల చేరిన తేమని బయటికి పోనివ్వదు, ఆ తేమ లోపలే ఉండి రాయినీ పాత సున్నాన్నీ తినేస్తుంది. అందుకని ఆ సిమెంట్ అంతా ఒలిచి మళ్ళీ సున్నంతోనే చేశారు. మన పెద్దవాళ్ళు డంగు సున్నం అనేవాళ్ళే, రోజుల తరబడి నానబెట్టి, ఇసుకతో గానుగలో రుబ్బి, బెల్లం, మారేడు గుజ్జు లాంటివి కలిపి చేసేది, అదే. సున్నం తేమని పీల్చుకుని మళ్ళీ వదిలేస్తుంది. నాలుగు వానలు పడితే సున్నం దానంతట అదే ముదురు రంగుకి తిరుగుతుంది, మనం చూసి అలవాటుపడిన నలుపు వందల ఏళ్ళ నాచు, మసి, అది కట్టినవాళ్ళు వేసిన రంగు కాదు. నాకూ మొదటిసారి చూడగానే మనసు చివుక్కుమంది, ఇది తెలిశాక మాత్రం గుమ్మటం మొదట్లో చుట్టూ ఉండే తామర రేకుల వరస ఇంత స్పష్టంగా ఇన్నాళ్ళకి కనిపిస్తోంది కదా అనిపించింది.

గోడల మీద పేర్లు రాసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ కొత్త గచ్చు మీద ఒక జంట పేర్లు గీసి ఉండటం పోయినసారి చూశాను, అది మళ్ళీ ఒక మేస్త్రీ వచ్చి చేత్తో పూయాలి. మీ పిల్లలకి లోపలికి వెళ్ళేముందే చెప్పండి.

మొత్తం తిరగడానికి మూడు గంటలు పెట్టుకోండి, పెద్దవాళ్ళుంటే ఇబ్రహీం, మహమ్మద్ కులీ, హయాత్ బక్షీ, హమామ్, బడీ బౌలీ, ఈ అయిదు చాలు, రెండు గంటల్లో అయిపోతుంది, మధ్యలో కూర్చోడానికి చెట్ల నీడ ఉంది. వెళ్ళేముందు మహమ్మద్ కులీ సమాధి పై అరుగు మీదికి ఇంకోసారి ఎక్కి చుట్టూ చూడండి, కోట కనిపిస్తుంది. సాయంత్రం గోల్కొండ పైన ఉన్న బారాదరి మంటపం దాకా ఎక్కగలిగితే అక్కడి నుంచి ఈ గుమ్మటాలన్నీ ఒక్కచోట కనిపిస్తాయి, పొద్దున చూసినవి కాబట్టి ఏది ఎవరిదో వేలు పెట్టి చూపించగలుగుతారు. మా బాబాయి కింద బెంచీ మీద కూర్చుని ఫోన్ చేసి అడిగారు, "మల్కిభరాముడిది కనిపిస్తోందా?" కనిపిస్తోంది బాబాయ్ అన్నాను.